డాండెలియన్ విత్తనం కొనే ముందు: అనంతపురం మిద్దెకి ఏ ఆకు సరిపోతుంది?

"ఏందే ఇది, ముల్లంగాకు మాదిరుందే?" అని మా అమ్మ కుండీ ముందు వంగి అడిగింది. ముల్లంగి కాదమ్మా, డాండెలియన్, చలి దేశాల్లో తినే చేదాకు అన్నాను. ఒక ఆకు తుంచింది. తుంచిన చోట తెల్లగా పాలు ఊరాయి. ఆ ముక్క నాలుక మీద పెట్టుకుని కాసేపు నమిలి, "మెంతాకు దీనికంటే నయం కదే, దీనికింత తిప్పలు ఎందుకు?" అంది.

అమ్మ అడిగినది న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్న ముందే వేసుకుని ఉంటే నాకు రెండేళ్లు కలిసొచ్చేవి. మూడుసార్లు విత్తనం తెప్పించాను. మొదటిసారి ప్యాకెట్‌లో వచ్చింది అసలు డాండెలియనే కాదు. రెండోసారి జూన్‌లో చల్లితే ఒక్క మొలకా లేదు. మూడోసారి నవంబర్‌లో వేస్తే వచ్చింది. ఈలోగా పక్క కుండీల్లో మెంతి, గంగవాయిలాకు, పొరపాటున వచ్చిన చికోరీ (కాఫీ పొడిలో వేరు కలిపే మొక్క) పెరుగుతూనే ఉన్నాయి కాబట్టి నాలుగింటినీ ఒకే మిద్దె మీద, ఒకే నీళ్లతో చూసే వీలు దొరికింది. డాండెలియన్ కొనాలా వద్దా అని ఊగిసలాడే అనంతపురం, కర్నూలు, కడప వాళ్లకి ఆ చూసినది పనికొస్తుందని రాస్తున్నా.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, మీకు కావాల్సింది ఏది? ఆకా, వేరా, పువ్వా? ఎక్కువమంది దీన్ని అడుగుకోకుండానే విత్తనం కొంటారు. పప్పులోకి ఆకు కావాలంటే జవాబు ఒకటి. వేరు వేయించి కాఫీ లాంటి పొడి చేసుకోవాలంటే జవాబు ఇంకొకటి. పిల్లలు ఊదే ఆ తెల్లటి దూది బంతి కోసమైతే అది పూర్తిగా వేరే సంగతి.

రెండోది నెల. డాండెలియన్ చలి దేశాల మొక్క. దాని విత్తనానికి 10 నుంచి 25 డిగ్రీల మధ్య వేడి హాయి. మనకి అంత చల్లదనం దొరికేది నవంబర్ నుంచి జనవరి దాకానే. అనంతపురంలో డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో 17, 18 డిగ్రీల దగ్గరకి దిగుతుంది. అదే ఏప్రిల్, మే వచ్చేసరికి పగలు 40 దాటే రోజులు బోలెడు. మిద్దె మీద సిమెంటు వేడి కూడా తోడైతే కుండీలో మట్టి గాలి కంటే ఎక్కువ కాలుతుంది.

ఊరిని బట్టి కూడా తేడా ఉంది. హిందూపురం, మడకశిర వైపు నేల సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉంటుంది, చలికాలం అక్కడ నిజంగా చలికాలమే. కడప 140 మీటర్ల దగ్గర, చుట్టూ కొండలతో వేడి పట్టి ఉంచుకునే ఊరు. కర్నూలు ఈ రెండింటికీ మధ్య ఎత్తులో ఉన్నా ఎండ విషయంలో కడప పక్కనే నిలబడుతుంది. హిందూపురంలో మొలిచింది కదా అని కడపలో అదే నెలలో మొలుస్తుందని లెక్క వేసుకోకండి.

మూడోది నీళ్లు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లటి చార కడితే ఆ ఉప్పే అది. పెద్ద మొక్క ఓర్చుకుంటుంది గానీ సన్న విత్తనం మొలకెత్తే పది, పదిహేను రోజుల్లో ఈ ఉప్పే దెబ్బ తీస్తుంది.

నాలుగోది ఇంట్లోవాళ్ల నాలుక. చేదు తినే ఇల్లు వేరు, తినని ఇల్లు వేరు. కాకరకాయ వండితే ఇద్దరే తినే ఇంట్లో డాండెలియన్ నాలుగు కుండీలు వేయడం ఆకుని చెత్తబుట్టకి పెంచడమే.

## ఒక్క చూపులో

| చూడాల్సింది | డాండెలియన్ | చికోరీ | మెంతికూర | గంగవాయిలాకు |
|---|---|---|---|---|
| విత్తే కాలం | నవంబర్, డిసెంబర్ | అక్టోబర్ నుంచి జనవరి | సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి | ఫిబ్రవరి నుంచి అక్టోబర్ |
| మొలకకి పట్టే రోజులు | 10 నుంచి 21 | 7 నుంచి 14 | 3 నుంచి 5 | 4 నుంచి 7 |
| మొదటి కోత | 8 వారాల పైన | 8 వారాలు | 25 నుంచి 30 రోజులు | 4 వారాలు |
| కుండీ లోతు | 12 అంగుళాలు | 12 అంగుళాలు | 5, 6 అంగుళాలు చాలు | 5, 6 అంగుళాలు చాలు |
| ఏప్రిల్, మే ఎండ | ఓర్చుకోదు | నీడలో ఓర్చుకుంటుంది | ముదురుతుంది | హాయిగా పెరుగుతుంది |
| రుచి | గట్టి చేదు | చేదు | కమ్మటి చిరుచేదు | పులుపు |
| విత్తనం | ఆన్‌లైన్‌లోనే, మోసపోయే వీలుంది | ఆన్‌లైన్‌లో | వంటింటి డబ్బాలోనే | పొలం గట్టున, కూరగాయల మార్కెట్‌లో |

నెలలు అనంతపురం లెక్కన వేశాను. కడప, కర్నూలు వాళ్లు డాండెలియన్‌ని నవంబర్ చివరికి జరుపుకోండి, హిందూపురం వాళ్లు అక్టోబర్ చివర్లోనే మొదలుపెట్టొచ్చు.

## డాండెలియన్

ముందు విత్తనం సంగతి, ఎందుకంటే మోసం అక్కడే మొదలవుతుంది. ఆకు కోసం పండించే ఒక రకం చికోరీని విదేశాల్లో ఇటాలియన్ డాండెలియన్ అని పిలుస్తారు. ఆకు చూడటానికి అలాగే పళ్లు పళ్లుగా ఉంటుంది. ఆ పేరు ఇక్కడికి వచ్చేసరికి ముందున్న ఇటాలియన్ రాలిపోయి ఉత్త డాండెలియన్‌గా అమ్ముడవుతోంది. నా మొదటి ప్యాకెట్ అదే. మూడు నెలలు ప్రాణంగా పెంచాను. నడుమెత్తు కాడ లేచి, కొమ్మలు వేసి, ఒక పొద్దున నీలం పువ్వు విచ్చింది. డాండెలియన్ పసుపు, ఇది నీలం. అమ్మినవాళ్లకి రాస్తే జవాబు లేదు.

కొనేటప్పుడు ప్యాకెట్ మీద శాస్త్రీయ నామం చూడండి. టరాక్సాకం అఫిసినాలె అని ఉంటేనే అది అసలు డాండెలియన్. సికోరియం ఇంటిబస్ అని ఉంటే చికోరీ. ఏదీ రాయకుండా పువ్వు బొమ్మ మాత్రమే ఉంటే కొనకండి. విత్తనం చేతికొచ్చాక కూడా తెలుసుకోవచ్చు. డాండెలియన్ గింజ జీలకర్రలో సగం ఉన్నట్టు సన్నగా, గోధుమ రంగులో, పై కొన దగ్గర చిన్న ముళ్లతో గరుగ్గా ఉంటుంది. చికోరీ గింజ పొట్టిగా, పైన మొండిగా, గూటం ఆకారంలో ఉంటుంది. తెల్ల కాగితం మీద పోసి భూతద్దంతో చూస్తే తేడా వెంటనే పట్టుబడుతుంది.

ఇంకో మాట. మన గట్ల మీద, మిద్దె పగుళ్లలో మొలిచే గడ్డిచామంతిని చూసి డాండెలియన్ మన దగ్గరే ఉంది కదా అనుకునేవాళ్లు చాలామంది. అది పాకే మొక్క, ఆకుల మీద నూగు ఉంటుంది, పొడుగు కాడ చివర చిన్న పువ్వు, దాని గింజలూ దూదితో ఎగురుతాయి. డాండెలియన్‌కి ఆకులన్నీ నేలకి అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి. నడుమ నుంచి ఆకు లేని, కొమ్మ లేని, లోపల గొట్టంలా బోలుగా ఉండే కాడ లేస్తుంది. ఒక కాడకి ఒక్కటే పువ్వు. ఈ గుర్తులన్నీ కలవకపోతే అది డాండెలియన్ కాదు, దాన్ని కోసి వండొద్దు.

విత్తే పద్ధతి నేను చేసినట్టే చెప్తాను. అక్టోబర్ నెలాఖరున గింజల్ని తడి ఇసుకలో కలిపి, చిన్న డబ్బాలో మూత పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పది రోజులు ఉంచాను. ఫ్రీజర్‌లో కాదు. చలి తగిలితే గింజకి శీతాకాలం దాటిపోయిందని అనిపిస్తుంది, మొలకలు దగ్గర దగ్గరగా ఒకేసారి వస్తాయి. ఇది తప్పనిసరి కాదు గానీ మన వేడి ఊళ్లలో చేస్తే మంచిది.

కుండీకి 20 లీటర్ల పాత పెయింట్ డబ్బా బాగా కుదిరింది. వేరు ముల్లంగిలా నిలువుగా దిగుతుంది కాబట్టి వెడల్పు కంటే లోతు ముఖ్యం. అడుగున ఆరేడు చిల్లులు పెట్టాను. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపాను. కర్నూలు వైపు నల్లరేగడి వాడేవాళ్లు ఇసుక కూడా కలపాలి, లేకపోతే మట్టి ఎండి బిగుసుకుని వేరు దిగదు.

ఇక అసలు మెలకువ: గింజ మీద మట్టి కప్పొద్దు. డాండెలియన్ గింజ మొలవడానికి వెలుతురు సాయం చేస్తుంది. మట్టిని ముందే తడిపి, గింజలు పైన చల్లి, అరచేత్తో మెత్తగా అదిమి వదిలేయాలి. చెంబుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి, అందుకే స్ప్రే సీసాతో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడిపాను. పైన ఒక పొర గ్రీన్ నెట్ వేశాను. ఎండ మొత్తం కప్పేయకుండా, వాన చినుకు గట్టిగా తగలకుండా అది కాపాడింది. కడప వాళ్లకి ఈ నెట్ మరీ అవసరం. అక్టోబర్, నవంబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు అక్కడ ఎక్కువ, పైన చల్లిన గింజ ఒక్క రాత్రి జడివానకి పోతుంది.

పదమూడో రోజు మొదటి పచ్చచుక్క కనిపించింది. ఆ తర్వాత వారం రోజులు ఒకటొకటిగా వస్తూనే ఉన్నాయి. లేత ఆకులు గుండ్రంగా, నున్నగా ఉంటాయి, ఒక్క పన్ను కూడా ఉండదు. ఇది చూసి నేను మళ్లీ మోసపోయానని టెన్షన్ పడ్డాను. నాలుగైదు ఆకులు వచ్చాక గానీ అంచులు చీలవు. కాబట్టి తొందరపడి పీకేయకండి. మూడు ఆకుల దశలో బలహీనమైనవి తీసేసి, మొక్కకీ మొక్కకీ ఆరేడు అంగుళాలు వదిలాను. ఆకు కోసమైతే ఒక పెయింట్ డబ్బాకి మూడు మొక్కలు, వేరు కోసమైతే ఒక్కటే.

జనవరిలో మొదటిసారి కోశాను. మొక్కకి బయటి వైపు ఆకులు రెండేసి, నడుమ మొగ్గ కదపకుండా. మూడు మొక్కల మీద పిడికెడు ఆకు. అంతే. ఇది మనసులో పెట్టుకోండి: ఒక ఇంటికి పప్పు చేసేంత ఆకు ఒక్క కుండీ ఇవ్వదు. నాలుగు కుండీలైనా కావాలి.

చేదు తగ్గించడానికి పాత పద్ధతి ఒకటుంది. కోతకి వారం, పది రోజుల ముందు మొక్క మీద వెలుతురు తగలకుండా మట్టి కుండ బోర్లించాలి. ఆకు పాలిపోయి లేతగా, మెత్తగా అవుతుంది, చేదు తగ్గుతుంది. మన వేడికి లోపల ఉక్కపోసి కుళ్లే ప్రమాదం ఉంది, కాబట్టి జనవరిలోనే, గట్టి ఎండ తగలని చోటే చేయండి, అడుగున చిన్న రాయి పెట్టి గాలి ఆడనివ్వండి. లేదా సులువుగా, ఆకుని ఉప్పు నీళ్లలో ఒక పొంగు రానిచ్చి, పిండి, కందిపప్పులో చింతపండు కాస్త ఎక్కువేసి ఎనుపుకోండి. చెనిక్కాయల పొడి చల్లి వేయించినా బాగుంది. రాగి సంగటిలోకి అమ్మ కూడా తింది.

ఫిబ్రవరి దాటాక ఆకు మొరటుగా, నోట్లో పెట్టుకోలేనంత చేదుగా మారింది. మార్చిలో కుండీలని ఉత్తరం గోడ నీడకి మార్చాను. మే నెలలో రెండు మొక్కలు ఎండిపోయాయి, ఒకటి వేరుతో బతికి జులై వానలకి మళ్లీ చిగురించింది. విత్తనం నుంచి వచ్చిన మొక్క మొదటి ఏడు పూయకుండా ఆకులతోనే ఉండిపోవచ్చు. నాకు పువ్వు రెండో చలికాలంలో వచ్చింది, అది కూడా ఆ ఒక్క మొక్కకే. అది పూసి, మూసుకుని, పది రోజులకి తెల్లటి బంతిగా విచ్చుకున్న పొద్దున మా పాప ఊపిరి బిగబట్టి నిలబడింది. నాలుగు గింజలు దాచి మిగతాది ఊదమన్నాను. ఒక్క తేనెటీగ రాకపోయినా ఆ గింజలు మొలుస్తాయి, ఎందుకంటే చాలా డాండెలియన్లు పరాగంతో పని లేకుండానే గింజ కడతాయి.

## చికోరీ

డాండెలియన్ ఆకు రుచి, వేరు వాడకం రెండూ కావాలి గానీ మొక్క చచ్చిపోతే తట్టుకోలేను అనేవాళ్లకి చికోరీ మంచి మధ్యదారి. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపేది దీని వేరే, కాబట్టి రుచి మనకి కొత్త కాదు. హిందీ వాళ్లు కాసనీ అంటారు.

పొరపాటున పెంచిన మొక్క అయినా నాకు మంచి పాఠం చెప్పింది. అదే మట్టిలో, అదే నీళ్లతో డాండెలియన్ కంటే వారం ముందు మొలిచింది, ఆకు రెట్టింపు వచ్చింది, ఏప్రిల్ దాకా నీడలో నిలిచింది. గింజని పావు అంగుళం మట్టితో కప్పొచ్చు కాబట్టి వానకి కొట్టుకుపోయే భయం తక్కువ. ఆకు వండే పద్ధతి డాండెలియన్‌దే.

వేరు కావాలంటే ఒక జాగ్రత్త ఉంది. ఆకు కోసం పెంచే రకాలు, వేరు కోసం పెంచే రకాలు ఒకటి కావు. ఆకు రకం నాటి కాఫీ పొడి ఆశిస్తే సన్నటి పీచు వేళ్లు వస్తాయి. వేరు రకం అని స్పష్టంగా రాసిన విత్తనమే తీసుకోండి. తవ్విన వేరుని కడిగి, సన్నగా తరిగి, ఎండబెట్టి, మందపాటి బాణలిలో సన్న మంట మీద ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి పొడి కొట్టుకోవాలి. డాండెలియన్ వేరుకీ ఇదే పద్ధతి. రెండింటిలోనూ కెఫీన్ ఉండదు. డాండెలియన్ వేరు మాత్రం మొదటి ఏడు చాలా సన్నం, రెండో ఏడాదికి గానీ తవ్వే ప్రయోజనం లేదు. మన ఊళ్లో రెండో ఏడాది దాకా దాన్ని బతికించడమే కష్టం. అందుకే వేరు కోసమైతే డాండెలియన్ వద్దని నేను గట్టిగా చెప్తాను.

## మెంతికూర

దీని గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. రాత్రి నానబెట్టి పొద్దున చల్లితే నాలుగో రోజుకి పచ్చగా లేస్తుంది. 25 రోజులకి కోసుకోవచ్చు. లోతు లేని ట్రే, పగిలిన బకెట్, థర్మాకోల్ పెట్టె, ఏదైనా చాలు. వంటకి తెచ్చిన మెంతులే విత్తనం, వాటిలో పాతవి కాకుండా చూసుకుంటే సరి. పప్పు జాతి మొక్క కాబట్టి దీని వేరుబుడిపెలు మట్టిలో నత్రజని నిలుపుతాయి. మెంతి కోసిన కుండీలోనే వేళ్లు పీకకుండా తర్వాతి పంట వేస్తే మేలు.

మొదటిసారి మిద్దె తోట పెట్టేవాళ్లు, చేదాకు మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టండి. వారానికి ఒక ట్రే చల్లుకుంటూ పోతే చలికాలమంతా ఇంట్లో మెంతికూర తెగదు. డాండెలియన్ మొదటి పిడికెడు ఆకు ఇచ్చే లోపు మెంతి రెండు కోతలు అయిపోతుంది.

## గంగవాయిలాకు

దీన్ని డాండెలియన్‌తో పోల్చడం ఏంటని అనిపించొచ్చు, రుచి పులుపు కాబట్టి. అయినా పోల్చాలి, ఎందుకంటే చాలామంది డాండెలియన్ వైపు చూసేది "కలుపు మొక్కే గానీ పోషకాలు మెండు" అన్న మాట విని. ఆ మాట మన గంగవాయిలాకుకి అచ్చంగా సరిపోతుంది. ఒమేగా-3 కొవ్వులు బాగా ఉన్న ఆకుకూరల్లో ఇది ఒకటి. చిర్రాకు, చెంచలాకు, గురుగాకు కలిపి చేనులో కోసుకొచ్చి పప్పు చేసిన తరం వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

ఎండ దీనికి బలం. కండగల ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది, మే నెలలో ఒక రోజు నీళ్లు మరిచినా వాడదు. విత్తనం ఆవాల కంటే చాలా సన్నం, ఇసుకలో కలిపి పైపైన చల్లాలి. అసలు విత్తనంతో పనే లేదు: మార్కెట్‌లో కొన్న కట్టలో నాలుగు కాడలు గుచ్చితే వారంలో వేళ్లు పోస్తాయి.

ఒక చిన్న సంగతి. నీళ్లు తక్కువై ఎండ ముదిరినప్పుడు తెల్లవారుజామున కోసిన ఆకు ఎక్కువ పుల్లగా, సాయంత్రం కోసినది తక్కువ పుల్లగా ఉంటుంది. రాత్రిపూట ఆకులో చేరే మాలిక్ ఆమ్లం పగటి వెలుతురులో ఖర్చవుతుంది. చింతపండు లేకుండా పప్పు కావాలంటే పొద్దున్నే కోయండి.

కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు మాత్రం దీన్ని తగ్గించాలి, రాళ్లు కట్టడానికి దోహదం చేసే ఆక్సలేట్లు ఇందులో బాగా ఎక్కువ. గట్టున కోసేటప్పుడు కాడ తుంచి చూడండి. పాలు కారితే అది గంగవాయిలి కాదు, నేల మీద అలాగే పాకే పాల మొక్క.

## ఎవరికి ఏది

లివర్, కిడ్నీ కోసం డాండెలియన్ అని అనుకునేవాళ్లతో నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను. దాన్ని చాలా దేశాల్లో నాటువైద్యంలో వాడారు, నిజమే. మంచి ఆకుకూర, 100 గ్రాముల పచ్చి ఆకులో దాదాపు 187 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అంతమాత్రాన అది ఏ జబ్బుకీ మందు అయిపోదు, డాక్టర్ రాసిన మాత్ర ఆపి ఈ ఆకు తినడం ప్రమాదం. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు దీనికి దూరంగా ఉండాలి, విటమిన్ కె చాలా ఎక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఇందులోని పొటాషియం చేటు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా తినొద్దు. మన ప్రాంతంలో ఇంకొకటి ముఖ్యం: వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కే వాళ్లకి డాండెలియన్, చికోరీ రెండూ పడకపోవచ్చు. మూడూ చామంతి కుటుంబమే.

ఉద్యోగం చేస్తూ పొద్దున పది నిమిషాలే దొరికేవాళ్లకి మెంతి, గంగవాయిలి. చలికాలం ఒకటి, ఎండాకాలం ఒకటి. ఏడాది పొడుగునా కుండీ ఖాళీగా ఉండదు.

చేదంటే ఇష్టం, రోజూ మొక్కల దగ్గర కూర్చునే తీరిక ఉంది అనేవాళ్లకి చికోరీ రెండు కుండీలు, డాండెలియన్ ఒకటి.

పిల్లల కోసం, ఆ దూది బంతి ఒక్కసారి చూపించడం కోసం పెంచేవాళ్లు నిశ్చింతగా డాండెలియనే నాటండి. మిగతా మూడూ ఆ ముచ్చట తీర్చలేవు. రెండు చలికాలాలు ఓపిక పట్టాల్సి రావచ్చని పిల్లలకి ముందే చెప్పండి. హిందూపురం, మడకశిర వాళ్లకి ఈ ముచ్చట మా కంటే సులువుగా తీరుతుంది.

అద్దె ఇంట్లో, మిద్దె మీద బరువు పెట్టొద్దన్న ఓనర్ ఉన్నచోట లోతు కుండీలు అడిగే డాండెలియన్, చికోరీ పక్కన పెట్టండి. తడిసిన మట్టితో ఒక పెయింట్ డబ్బా పాతిక కేజీలు దాటొచ్చు.

## నీళ్ల మాట

ఏది ఎంచుకున్నా మొలకల దశలో బోరు నీళ్లు వాడకుండా చూడండి. నేను వాన నీళ్లు పట్టిన డ్రమ్ము ఒకటి మూత పెట్టి దాచుకుంటా. అది అయిపోతే మున్సిపాలిటీ నీళ్లు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు దాదాపు ఉండదు, సన్న గింజలకి స్ప్రే చేయడానికి చక్కగా పనికొస్తాయి. ఆర్వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లని వృథా చేయకూడదని చాలామంది మొక్కలకి పోస్తారు. అందులో ఉప్పు మిషన్‌లోకి వెళ్లే నీళ్ల కంటే ఎక్కువ, వాటిని బండలు కడుక్కోవడానికి వాడండి.

పేనుబంక పట్టేది ఎక్కువగా చికోరీ, డాండెలియన్ నడుమ ఆకులకే. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టి, మూడు రోజులు ఆగి బాగా కడిగి వండుకోండి.

ఇప్పటికే డాండెలియన్ ప్యాకెట్ కొనేసి, ఎండల్లో ఇది చదువుతున్నవాళ్లు దాన్ని విప్పకండి. గాలి చొరబడని సీసాలో, పొడిగా, ఫ్రిజ్‌లో పెట్టి మూత మీద నవంబర్ అని రాయండి. ఆ పెయింట్ డబ్బాలో ఈలోగా నాలుగు గంగవాయిలి కాడలు గుచ్చుకోండి, దీపావళి నాటికి పీకేసి మట్టి తిరగేస్తే కుండీ సిద్ధం.